ఒంటి చేత్తో ప్రమాణం: ఒక సైనికుడి జీవితం రాసిన నా అనుభవం

పోయినేడాది ఒక మాసపత్రిక నుంచి ఫోన్ వచ్చింది. యుద్ధంలో పతకాలు అందుకుని, తరువాత రాజకీయాల్లోకి వెళ్లినవాళ్ల మీద వరసగా వ్యాసాలు వేస్తున్నామనీ, అందులో ఒకటి నన్ను రాయమనీ అడిగారు. ఎవరి గురించన్నది నా ఇష్టం. గడువు రెండు నెలలు. క్షణం ఆలోచించకుండా అమెరికా సెనేటర్‌గా పనిచేసిన డేనియల్ ఇనోయే గురించి రాస్తానని చెప్పేశాను.

ఆయన నా మనసులో పడి చాలా ఏళ్లయింది. 1959 ఆగస్టులో హవాయి అమెరికాలో 50వ రాష్ట్రంగా చేరింది. ఆ రాష్ట్రం నుంచి ప్రతినిధుల సభకు గెలిచి వచ్చిన మొదటి సభ్యుడు ప్రమాణం చేయడానికి నిలబడ్డారు. స్పీకర్ శామ్ రేబర్న్ అలవాటు ప్రకారం కుడి చేయి ఎత్తమన్నారు. ఆ సభ్యుడు ఎడమ చేయి ఎత్తారు. కుడి చేయి లేదు, ఇటలీలో పోయింది. ఎప్పుడో చదివిన ఈ నాలుగు ముక్కలు నన్ను వదల్లేదు. అప్పటినుంచి ఆయన గురించి ఏది దొరికినా చదువుతూ వచ్చాను. అందుకే వ్యాసం తేలిగ్గా అయిపోతుందనుకున్నాను. నిజంగానే మొదటి ప్రతి పది రోజుల్లో అయిపోయింది. కానీ చివరికి పత్రికకు పంపింది ఆ ప్రతి కాదు. మధ్యలో ఇంకో మూడు ప్రతులు రాయాల్సి వచ్చింది.

మొదటి ప్రతిని మా మావయ్యకు చూపించాను. ఆయన ఇరవై నాలుగేళ్లు పదాతి దళంలో చేసి హవల్దారుగా రిటైరయ్యాడు. సైన్యం మాటలు ఎక్కడైనా తప్పు రాశానేమో చూస్తాడని ఇచ్చానంతే. కళ్లజోడు పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని, గంటసేపు చదివాడు. యుద్ధం ఘట్టం దగ్గర పెన్సిలు ఆగింది.

"అమ్మాయ్, ఇదంతా ఎవరు చూశారు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అన్నిచోట్లా ఇలాగే ఉంది మావయ్యా, అన్నాను.

"అన్నిచోట్లా ఉండటం వేరమ్మా. చూసినవాళ్లు చెప్పడం వేరు. సైటేషన్ చదివావా?"

చదవలేదు. పతకం ఇచ్చేటప్పుడు పైకి చదివే ప్రశంసాపత్రం అది. ఎవరు, ఏ రోజు, ఎక్కడ, ఏం చేశారో సాక్షులను విచారించి రాస్తారు. ప్రతి మాటకీ పైవాళ్లు జవాబు చెప్పుకోవాలి కాబట్టి అందులో ఎక్కువ తక్కువలు ఉండవని మావయ్య నమ్మకం. "ముందు అది చదువు. కథ తరవాత రాద్దువుగాని" అని కాగితాలు తిరిగి ఇచ్చేశాడు.

ఆ రాత్రే ఇనోయే సైటేషన్ తీసి చదివాను. అంతా కలిపి ఒక పెద్ద పేరా. 1945 ఏప్రిల్ 21, ఇటలీలో సాన్ టెరెంజో పరిసరాలు. ముఖ్యమైన రోడ్ల కూడలిని కాపాడుతున్న ఒక గుట్ట వరుస. దాని మీదికి సెకండ్ లెఫ్టినెంట్ ఇనోయే తన ప్లటూన్‌ను నడిపించారు. శత్రువుకు 40 గజాల దూరానికి చేరారు. అక్కడ మూడు మెషిన్ గన్నులు అడ్డంగా కాల్పులు జరిపి వాళ్లను ఆపేశాయి. ఇనోయే వాలు మీద పాకుతూ మొదటి గన్నుకు 5 గజాల దగ్గరికి వెళ్లి రెండు గ్రెనేడ్లు విసిరారు. వెంటనే లేచి నిలబడి రెండో గన్నును నోరు మూయించారు. స్నైపర్ గుండు తగిలినా ఆగలేదు. చివరికి ఒక గ్రెనేడ్ పేలి కుడి చేయి ఛిద్రమైంది. అప్పుడు కూడా వెనక్కి తీసుకెళ్లడానికి ఒప్పుకోలేదు. పోరు ముగిసి, తన మనుషులు మళ్లీ రక్షణ స్థానాల్లో కుదురుకునేదాకా అక్కడే ఉండి నడిపించారు. శత్రు సైనికులు 25 మంది చనిపోయారు, 8 మంది పట్టుబడ్డారు.

మర్నాడు మావయ్యకు చదివి వినిపిస్తే 5 గజాల దగ్గర చేయెత్తి ఆపమన్నాడు. లేచి గోడకు కుర్చీ ఆనించాడు. అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. "పదిహేను అడుగులు. ఇదిగో, ఇంతే. అక్కడ గన్ను, ఇక్కడ మనిషి. ఇంత దగ్గరికి వస్తే అవతలివాడి మొహం కనపడుతుంది" అన్నాడు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. నా మొదటి ప్రతిలో ఆ చోట "అసమాన ధైర్యసాహసాలతో శత్రువుపై విరుచుకుపడ్డారు" అని రాసుకున్నాను. ఆ వాక్యం కొట్టేసి, "పదిహేను అడుగుల దూరం దాకా పాకుతూ వెళ్లారు" అని రాశాను.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఇనోయే గురించి ఎక్కడ చూసినా కనిపించేది మూడో గన్ను ఘట్టం. కుడి చేతిలో పిన్ను తీసిన గ్రెనేడ్ ఉంది. విసరబోతుండగా మోచేతికి రైఫిల్ గ్రెనేడ్ తగిలి చేయి దాదాపు తెగిపోయింది. వేళ్లు మాత్రం ఆ గ్రెనేడ్ చుట్టూ బిగుసుకునే ఉన్నాయి. సాయానికి వస్తున్న తన మనుషులను దగ్గరికి రావద్దని అరిచి, ఎడమ చేత్తో ఆ వేళ్ల నుంచి గ్రెనేడ్ లాగి విసిరేశారు. ఇది ఇనోయే స్వయంగా చెప్పుకున్న సంగతి, ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పారు. సైటేషన్‌లో మాత్రం ఇందులో ఒక్క ముక్కా లేదు. గ్రెనేడ్ పేలి చేయి ఛిద్రమైందని ఉంది, అంతవరకే.

రెండు రోజులు దీని మీదే కూర్చున్నాను. ఆ ఘట్టం తీసేస్తే ఆయన చెప్పిన మాటను నేను నమ్మనట్టు అవుతుంది. అధికారికంగా రాసినదానిలో కలిపేస్తే పత్రంలో లేనిది ఉన్నట్టు చెప్పినట్టు అవుతుంది. చివరికి రెండూ విడదీశాను. ముందు సైటేషన్ చెప్పిందేమిటో పూర్తిగా రాసి, కింద వేరే పేరాలో "ఆ తరువాతి క్షణాల గురించి ఇనోయే ఇలా చెప్పేవారు" అని మొదలుపెట్టి మిగతాది రాశాను. పత్రం చెప్పింది పత్రానిది, మనిషి చెప్పింది మనిషిది. ఇప్పటికీ అదే సరైన పద్ధతి అని నా నమ్మకం. పతకాలు అందుకున్నవాళ్ల గురించి రాసేటప్పుడు మనకు గౌరవం ఎక్కువై, విన్నదంతా ఒకే మూటలో కట్టేస్తాం. తరువాత ఎవరైనా ఒక్క ముడి లాగితే మొత్తం మూట విడిపోతుంది. నిజమైన భాగాన్ని కూడా అనుమానిస్తారు.

రెండో తప్పు ఇంతకంటే పెద్దది. దాన్ని కూడా సైటేషనే పట్టించింది. "దేశంలోకెల్లా పెద్ద శౌర్య పతకం గుండెల మీద పెట్టుకుని రాజకీయాల్లో అడుగుపెట్టారు" అని నా మొదటి ప్రతి మొదట్లోనే ఉంది. మెడల్ ఆఫ్ ఆనర్ ఆయనకు ఎప్పుడు ఇచ్చారో తేదీ చూశాను. 2000 జూన్ 21. అప్పటికి ఆయన సెనేటర్ అయి 37 ఏళ్లు!

యుద్ధం అయ్యాక ఆయనకు ఇచ్చింది డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్, అంటే దాని తరువాతి మెట్టు. ఆయన చేరిన 442వ రెజిమెంటల్ కాంబాట్ టీమ్‌లో సైనికులు దాదాపు అంతా జపాను మూలాలున్న అమెరికన్లే. అందులో యుద్ధం ముగిసిన తరువాతి రోజుల్లో మెడల్ ఆఫ్ ఆనర్ దక్కింది ఒక్కరికే, సడావో మునెమోరికి, అదీ మరణానంతరం. 1996లో హవాయికే చెందిన సెనేటర్ డేనియల్ అకాకా చొరవతో ఒక చట్టం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ పొందిన ఆసియా మూలాల సైనికుల రికార్డులు మళ్లీ తిరగెయ్యాలని, జాతి కారణంగా ఎవరికైనా పై పతకం దక్కకుండా పోయిందేమో చూడాలని ఆ చట్టం. అలా 22 మందికి పతకం స్థాయి పెంచారు. వాళ్లలో 20 మంది 442వ దళం, అందులో కలిసిన 100వ బెటాలియన్‌ వాళ్లే. వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా ఇచ్చారు. చాలామంది తరఫున ఇంటివాళ్లు వచ్చి తీసుకున్నారు.

ఈ తేదీలు ఒక కాగితం మీద వరసగా రాసుకుని చూస్తే నా వ్యాసం మొత్తం తలకిందులైంది. పతకం ఆయన్ను రాజకీయాల్లోకి తెచ్చిందనుకుంటూ రాశాను. జరిగింది అది కాదు. పతకం రావడానికి అడ్డుపడిన సంగతి ఏదో అదే ఆయన్ను రాజకీయాల్లోకి నడిపించింది. ఆ సంగతి తెలియాలంటే ఇటలీ గుట్ట దగ్గర మొదలుపెడితే కుదరదు, 1941కి వెళ్లాలి. చిత్తుప్రతి పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాను.

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు ఇనోయేకి 17 ఏళ్లు. హోనొలూలూలో హైస్కూలు విద్యార్థి. ప్రథమ చికిత్స నేర్చుకుని ఉండటంతో రెడ్ క్రాస్ కేంద్రానికి పరుగెత్తారు. గాయపడినవాళ్లను మోశారు, కట్లు కట్టారు. కొన్ని నెలలు తిరగకుండానే ప్రభుత్వం జపాను మూలాలున్న యువకులందరినీ 4-సి వర్గంలో వేసింది. శత్రు దేశస్థులకు వేసే ముద్ర అది, సైన్యంలో చేరడానికి వీల్లేదు. అమెరికాలోనే పుట్టి, అమెరికా పౌరులై ఉండి కూడా అంతే. ప్రధాన భూభాగంలో పశ్చిమ తీరాన ఉన్నవాళ్లది ఇంకా ఘోరం. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వుతో దాదాపు 1,20,000 మందిని ఇళ్లు, దుకాణాలు, పొలాలు వదిలించి ముళ్లకంచెల వెనక శిబిరాల్లో పెట్టారు. హవాయిలో జపాను మూలాలవాళ్లు జనాభాలో మూడో వంతుకు పైనే ఉండటంతో అందరినీ అలా తరలించడం కుదరలేదు.

1943లో సైన్యం తలుపు తెరిచింది. ఇనోయే వైద్య విద్య కోసం చదువుతున్న కోర్సు వదిలేసి చేరిపోయారు. సాగనంపడానికి వచ్చిన తండ్రి దారంతా మౌనంగా ఉండి, చివర్లో రెండు ముక్కలు చెప్పారట. ఈ దేశం మనకు మంచే చేసింది, నువ్వు ఏం చేసినా దేశానికీ ఇంటికీ మచ్చ తేవద్దు, చావాల్సి వస్తే గౌరవంగా చావు అని. ఇనోయే ఈ మాటలు జీవితాంతం తలుచుకున్నారు. అది తెలుగులో రాస్తుంటే నా చేయి ఆగిపోయింది. తన కొడుకును శత్రువు కింద లెక్కవేసిన దేశం గురించి ఆ తండ్రి అంటున్న మాట అది.

ఆ దళం నినాదం "గో ఫర్ బ్రోక్". హవాయి జూదగాళ్ల మాట, జేబులో ఉన్నదంతా ఒకే పందెంలో ఒడ్డెయ్యడం. దీన్ని మొదట "సర్వస్వం ఒడ్డు" అని రాశాను. మావయ్య మొహం చిట్లించాడు. "సిపాయిలు అలా అరుస్తారా? తాడో పేడో అను" అన్నాడు. అదే ఉంచాను.

ఆయన పట్టుబట్టిన ఇంకో మాటను మాత్రం తీసుకోలేదు. మెడల్ ఆఫ్ ఆనర్ అంటే మన పరమవీర చక్ర అని రాసేయమన్నాడు, పాఠకుడికి చటుక్కున తెలుస్తుందని. కానీ అది వేరే దేశం, వేరే నియమాలు. ఆ పతకం ఆలస్యంగా రావడం వెనక ఆ దేశపు కథ ఉంది. అందుకే "అమెరికా సైన్యంలో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం" అని ఒకసారి చెప్పి, ఆ తరువాత దాని పేరే వాడాను. కాసేపు వాదించుకుని మావయ్య కూడా సరేనన్నాడు.

మిసిసిపీలోని క్యాంప్ షెల్బీలో శిక్షణ. అక్కడ హవాయి కుర్రాళ్లకూ ప్రధాన భూభాగం కుర్రాళ్లకూ పడేది కాదు. మాట యాస తేడా, అలవాట్లు తేడా, చిన్నదానికీ పెద్దదానికీ కొట్లాట. ఒకరోజు హవాయి కుర్రాళ్లను బస్సులెక్కించి ఆర్కన్సాస్‌లోని రోవర్ శిబిరానికి తీసుకెళ్లారు. విందు, డాన్సు ఉంటాయని పాటలు పాడుకుంటూ వెళ్లారు. తీరా చూస్తే ముళ్లకంచె, కాపలా బురుజులు, తుపాకులు. వాటి ముఖాలు లోపలి వైపుకే ఉన్నాయి. తమతో కలిసి శిక్షణ పొందుతున్న ఆ కుర్రాళ్ల తల్లిదండ్రులు, తోబుట్టువులు ఆ కంచె లోపల ఉంటున్నారు. తిరుగు ప్రయాణంలో ఎవరూ మాట్లాడలేదని ఇనోయే చెప్పేవారు. తానే ఈ కంచె లోపల ఉండి ఉంటే సైన్యంలో చేరేవాడినా అని తనను తాను అడిగానని కూడా చెప్పేవారు. అక్కడితో కొట్లాటలు ఆగిపోయాయి. ఎనిమిది పేజీల్లో ఒక పేజీ పూర్తిగా ఈ బస్సు ప్రయాణానికే ఇచ్చాను. ఎడిటర్ తగ్గించమంటే వేరేచోట తగ్గించుకున్నాను కానీ ఇక్కడ ముట్టుకోనివ్వలేదు.

వెండి డాలర్ల సంగతి కూడా వదులుకోలేకపోయాను. ఇనోయే చొక్కా జేబులో రెండు వెండి డాలర్లు ఉంచుకునేవారు. ఒకసారి గుండెకు తగలాల్సిన తూటా వాటికి తగిలి ఆగింది. అప్పటినుంచి అవి ఆయనకు తాయెత్తుల్లాంటివి. ఏప్రిల్ 21 పోరుకు ముందు చూసుకుంటే అవి కనపడలేదట. ఇది కూడా ఆయన చెప్పుకున్నదే కాబట్టి "ఆయన చెప్పేవారు" అనే రాశాను. ఇటలీలో జర్మన్ సేనల లొంగుబాటు అమల్లోకి వచ్చింది మే 2న. అంటే ఇంకో పదకొండు రోజులు.

ఆసుపత్రి రోజులు రాసేటప్పుడు నా దగ్గర సమాచారం ఉంది కానీ అనుభవం లేదు. చేయి తీసేశాక మొదటి రోజుల్లో ఒక నర్సు సిగరెట్ పెట్టె, అగ్గిపుల్లలు పక్క మీద పడేసి వెళ్లిపోయిందట. ఎంత తంటాలుపడినా వెలిగించుకోలేకపోయారు. ఆమె తిరిగొచ్చి ఒక్క చేత్తో అగ్గిపుల్ల ఎలా గీయాలో చూపించింది. ఎవరి మీదా ఆధారపడకుండా బతకడం అక్కడే మొదలుపెట్టానని ఆయన అనేవారు. ఇది చదివాక ఒక ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా కుడి చేయి వాడకుండా ఉందామని కూర్చున్నాను. చొక్కా పై గుండీ పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో! బొటనవేలితో గుండీ అంచు నొక్కి, చూపుడు వేలితో కాజా లాగితే జారిపోతుంది. మళ్లీ నొక్కాలి. టూత్‌పేస్ట్ మూత పళ్లతో తిప్పాల్సి వచ్చింది. కాగితం మీద రాస్తే కాగితం పక్కకు జరిగిపోతుంది, పట్టుకునే రెండో చేయి లేదు. సాయంత్రానికి నా కుడి చేయి దానంతటదే పైకి లేచి పని అందుకోబోయింది, రెండు మూడుసార్లు. ఒక్కరోజుకే ఇలా ఉంది. ఇనోయే మొత్తం మీద 20 నెలలు సైనిక ఆసుపత్రుల్లో గడిపి, ఎడమ చేత్తో రాయడం, తినడం, బట్టలు వేసుకోవడం అన్నీ మళ్లీ నేర్చుకున్నారు. నా ఆదివారం గురించి వ్యాసంలో రాయలేదు. కాగితం జరిగిపోవడం గురించి మాత్రం ఒక వాక్యం చేరింది.

మిచిగాన్‌లోని బ్యాటిల్ క్రీక్ పట్టణంలో పెర్సీ జోన్స్ సైనిక ఆసుపత్రి ఉండేది. అక్కడ ఇనోయేకి పరిచయమైన పేషెంట్లలో ఒకరు కాన్సస్ కుర్రాడు బాబ్ డోల్. ఇటలీలోనే, ఇనోయే కంటే సరిగ్గా వారం ముందు, ఏప్రిల్ 14న గాయపడ్డారు. ఆయన కుడి చేయి కూడా పనిచేయకుండా పోయింది. ఏం చేద్దామనుకుంటున్నావని ఇనోయే అడిగితే, లా చదువుతా, రాష్ట్ర శాసనసభకు వెళ్తా, వీలైతే కాంగ్రెస్‌కు వెళ్తా అని డోల్ వరసగా చెప్పారు. డాక్టర్ కావాలనుకున్న కల ఇనోయేకి చేయితో పాటే పోయింది, ఈ దారి ఆయనకు నచ్చింది. చివరికి ఇనోయే 1959లో, డోల్ 1961లో కాంగ్రెస్‌కు చేరారు. అదే ఆసుపత్రిలో ఉన్న ఫిలిప్ హార్ట్ కూడా తరువాత సెనేటర్ అయ్యారు. ఆ భవనానికి 2003లో ముగ్గురి పేర్లూ కలిపి పెట్టారు. డోల్ రిపబ్లికన్, ఇనోయే డెమొక్రాట్. పార్టీలు వేరైనా స్నేహం చివరిదాకా ఉంది. 2012 డిసెంబరులో ఇనోయే పార్థివదేహాన్ని కాపిటల్ భవనంలో ఉంచినప్పుడు, 89 ఏళ్ల డోల్ చక్రాల కుర్చీలో వచ్చారు. శవపేటిక దాకా కుర్చీలో వెళ్లకుండా, లేచి నిలబడి, ఒకరి ఆసరాతో నడిచి వెళ్లి సెల్యూట్ చేశారు. ఎడమ చేత్తో. ఈ ఘట్టం చదువుతూ మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

1947లో ఇనోయే కెప్టెన్ హోదాలో సైన్యం నుంచి విడుదలయ్యారు. ఇంటికి వెళ్లే దారిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జుట్టు కత్తిరించుకుందామని ఒక మంగలి షాపులోకి వెళ్లారు. ఒంటి మీద యూనిఫాం ఉంది, రొమ్ము మీద రిబ్బన్లు ఉన్నాయి, కుడి చేయి లేదు. ఆయన జాతి అడిగి తెలుసుకుని, మీవాళ్లకు ఇక్కడ జుట్టు కత్తిరించమని షాపువాడు పంపేశాడు. ఇనోయే గొడవ పడలేదు, బయటికి వచ్చేశారు. నా మూడో ప్రతిలో ఇక్కడ కోపంగా నాలుగు వాక్యాలు రాశాను. నాలుగూ తీసేశాను, జరిగినది జరిగినట్టుంటే చాలనిపించింది.

సైనికుల చదువు కోసం పెట్టిన జీఐ బిల్లు డబ్బుతో హవాయి విశ్వవిద్యాలయంలో డిగ్రీ, తరువాత 1952లో వాషింగ్టన్‌లో లా డిగ్రీ. అప్పటి హవాయిలో చెరకు తోటల కంపెనీలదీ రిపబ్లికన్ పార్టీదీ రాజ్యం. 442వ దళం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లకు మళ్లీ ఆ తోటల్లో తల వంచుకు బతకడం ఇష్టం లేదు. పోలీసు ఉద్యోగం చేసిన జాన్ బర్న్స్ అనే ఆయన ఈ కుర్రాళ్లను డెమొక్రాటిక్ పార్టీలోకి కూడగట్టారు. 1954 ఎన్నికల్లో హవాయి శాసనసభ మొదటిసారిగా వాళ్ల చేతికి వచ్చింది. ఆ గెలుపులో ఇనోయే కూడా ఉన్నారు.

ఆ ప్రచారంలోనే ప్రత్యర్థులు వీళ్ల మీద కమ్యూనిస్టులని ముద్ర వేశారు. ఒక చర్చా సభలో ఇనోయే రాసుకొచ్చిన ప్రసంగం కాగితాలు చింపేసి మాట్లాడారు. ఫాసిస్టులతో పోరులో ఈ చేయి ఇచ్చాను, కమ్యూనిస్టులతో పోరుకు దేశం రెండో చేయి అడిగితే అదీ ఇస్తాను అని. తెగిపోయిన చేతిని ఓట్ల కోసం చూపించారని దీన్ని తప్పుపట్టేవాళ్లు ఉండవచ్చు. నేను అలా చూడలేను. దేశభక్తి లేదని అంటున్నవాళ్ల ఎదుట ఆయన దగ్గర ఉన్న సాక్ష్యం అది ఒక్కటే.

ఇక్కడి నుంచి సెనేట్ అధ్యాయం. 1963 నుంచి 2012 డిసెంబరు 17న చనిపోయేదాకా ఆయన సెనేటర్. దాదాపు యాభై ఏళ్లు. నాకు మిగిలినవి రెండు పేజీలు. అధ్యక్షుడు నిక్సన్ కాలపు వాటర్‌గేట్ కుంభకోణం విచారణ కమిటీలో ఉన్నారు, రీగన్ కాలంలో ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మిన ఇరాన్-కాంట్రా వ్యవహారం మీద వేసిన సెనేట్ కమిటీకి అధ్యక్షత వహించారు, 2002లో ఇరాక్ యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఇవన్నీ ఒక పేరాలో చెప్పేశాను. నష్టపరిహారం చట్టం మాత్రం అలా తేల్చేయలేదు. శిబిరాల్లో మగ్గినవాళ్లకు ప్రభుత్వం క్షమాపణ చెప్పాలని ఉద్యమం మొదలైనప్పుడు, నేరుగా డబ్బు అడగకుండా ముందు ఒక కమిషన్ వేయించి ఏం జరిగిందో దేశం ముందు పెట్టిద్దామని సలహా ఇచ్చింది ఇనోయే. కొందరికి అది కాలయాపన అనిపించింది. కానీ కమిషన్ ఊరూరా వాంగ్మూలాలు తీసుకుని, ఆ నిర్బంధానికి సైనిక అవసరం లేదని తేల్చింది. 1988లో చట్టం వచ్చింది. బతికి ఉన్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు, క్షమాపణ. సాక్షులు చెప్పింది కాగితం మీదికి ఎక్కాకే ముందుకు కదలడం చూస్తే మావయ్య సైటేషన్ మాట గుర్తొచ్చింది.

చివరి ప్రతిలో ఒక పేరా దగ్గర నిజంగా టెన్షన్ పడ్డాను. 1992 ఎన్నికల్లో ఆయనకు చాలాకాలం జుట్టు కత్తిరించిన ఒక మహిళ ఆయన మీద లైంగిక ఆరోపణ చేసిన టేపును ప్రత్యర్థి ప్రచారంలో వాడాడు. ఇనోయే ఖండించారు, ఎన్నికలో గెలిచారు. తరువాత ఇంకొందరు మహిళలు కూడా ఆరోపించారన్న వార్తలు వచ్చాయి. ఆరోపించినవాళ్లు విచారణలో పాల్గొనడానికి ముందుకు రాకపోవడంతో సెనేట్ ఎథిక్స్ కమిటీ దాన్ని కొనసాగించలేదు. ఈ సంగతి నా మొదటి మూడు ప్రతుల్లో లేదు. కావాలనే వదిలేశాను, ఆయన మీద ఉన్న అభిమానంతో. సైటేషన్ విషయంలో అంత పట్టుదలగా ఉండి ఇక్కడ కళ్లు మూసుకుంటే ఆ పట్టుదలకు విలువేముంటుంది? ఆరోపణ, ఖండన, కమిటీ సంగతి, మూడూ నా వ్యాఖ్యానం లేకుండా రాసి చేర్చాను. రాశాక మావయ్యకు చదివి వినిపించాను. ఆయన కాసేపు ఆగి, "ఉండనీ" అన్నాడు.

పంపే ముందు రాత్రి ప్రతి మొత్తం ఇంకోసారి చదువుతుంటే ఒక సంగతి కంటబడింది. ఆ కుడి చేయి గురించి చెప్పిన ప్రతిచోటా "కోల్పోయారు" అనే రాశాను, ఐదుసార్లు. సైటేషన్‌లో ఆ మాట లేదు. ఆయన నోట కూడా వేరే మాట ఉంది. పెన్ను తీసుకుని ఒక్కొక్కటీ దిద్దాను. గుట్ట మీద చేయి ఛిద్రమైంది. ఆసుపత్రిలో తీసేశారు. మంగలి షాపులో లేదు. ప్రచార సభలో ఇచ్చాను. ఐదోది ప్రమాణం ఘట్టంలో ఉంది. అక్కడ కుడి చేతి గురించి ఏమీ రాయకుండా, స్పీకర్ కుడి చేయి ఎత్తమన్నారు, ఇనోయే ఎడమ చేయి ఎత్తారు అని మాత్రం ఉంచి, తెల్లారాక పత్రికకు పంపాను.